బెల్లం తరుగు

గుంటూరు బస్టాండులో ఏడింటికి ఎక్కితే
కలువగుంటలో దిగేసరికి తొమ్మిది.
నా భుజాన టేపు, తూకం గుండు,
మేస్త్రీ మస్తాన్‌వలి చేతిలో టీ ఫ్లాస్కు.
ఆఫీసు వాళ్ళు అడిగింది ఒకటే:
చెరువులో మహలు కొలిచి, పటం గీసి,
చివరి గడిలో చరిత్ర రాయమని.
నాలుగు లైన్లు మించకూడదట.

చరిత్ర మాకు పడవలోనే దొరికింది.
తెడ్డు వేస్తూ సాంబశివుడు చెప్పాడు,
రోజుకు ఇరవైసార్లు చెప్పే గొంతుతో:
"కోదండరాయణింగారు రంగమణి కోసం కట్టించాడండీ.
ఆవిడకి వెన్నెల్ని నీళ్ళల్లో చూడటం ఇష్టం.
పడమటి కిటికీ దగ్గర వీణ వాయించేదంట.
పెళ్ళి ఫొటోలు అక్కడే బాగా వస్తాయి."
ముందు పడవలో ఓ జంట అప్పటికే
గొడుగు తెరిచి నవ్వడం ప్రాక్టీసు చేస్తోంది.

అందం సంగతి అబద్ధం కాదు.
పదహారు స్తంభాలు, ఏ రెండింటి నడుమా
అంగుళం తేడా లేదు.
కమానుల కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది;
నీటి మీది వెలుగు పైకప్పులో ఈదుతోంది,
చేపలకు పైన ఇంకో చెరువున్నట్టు.
బందరు రేవు నుంచి బండ్లమీద వచ్చిన
రంగుటద్దాల్లో మూడే మిగిలాయి.
వాటిలో ఒకటి నా కాగితం మీద
పచ్చటి మరక వేసి, మెల్లగా జరిగిపోయింది.

గోడ మీద చెయ్యి వేశాను.
కోడిగుడ్డు పెంకులా ఉందే, అన్నాను.
"పెంకు కాదమ్మా, సొన" అన్నాడు మస్తాన్‌వలి.
"డంగు సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం, తెల్లసొన.
నునుపురాయితో నెలల తరబడి రుద్దాలి.
మా తాతకి వేలిముద్రలు పడేవి కావు."

గోడవారన గుండు దారం వదిలాడు.
నీటిలో పద్నాలుగు అడుగులు.
చాలాసేపు ఆ దారం వంకే చూశాడు.
"ఒక్కటి చెప్పు. నీళ్ళల్లో పునాది ఎట్టా తవ్వారు?"
చదివిన జవాబులు చెప్పాను,
అడ్డుకట్ట వేసి, ఏతాలతో తోడి...
"ఇంత నీళ్ళు ఎవరు తోడతారమ్మా?
చెరువు ఎండింది. అంతే.
ఎండినప్పుడే కట్టారు."

అడుగు బీటలువారేలా ఎండటమంటే
ఈ ఊరి నోట ఒకటే ఏడాది:
నందన కరువు.
గుంటూరు సీమలో మనుషులు డొక్కలై
బాటల పక్కన రాలిన ఏడు.
కూలికి ఎంతమందైనా దొరికారు,
ఎంతకైనా వచ్చారు.
వెన్నెలకి అప్పుడు నీళ్ళే లేవు.

సాయంత్రం కరణాలవారింట్లో హైమావతిగారు
అటక మీంచి కవిలె కట్టలు దించారు.
ఆ రాత చదవడం నాకు రాదు, ఆవిడకి వచ్చు.
"గానుగ ఎద్దులు నాలుగు, వాటి మేత.
గుడ్లు రెండువేల మూడొందలు.
బెల్లం మణుగులు పన్నెండు.
కూలి, మగవాడికి సోలెడు జొన్నలు.
ఆడదానికి అరసోల."

ఆ ఏడు
గోడ గుడ్లు తిన్నది,
గోడ బెల్లం తాగింది.

రంగమణి కోసం మూడు కట్టలు వెతికాం.
వీణ తంతికైనా ఖర్చు రాయలేదు.
ఓ ఆకు చివర మాత్రం, ఘంటం జారినంత సన్నగా:
"బెల్లం తరుగు వీశెడు.
గానుగ దగ్గర ఓబులమ్మ తిన్నది.
జరిమానా పది రోజుల కూలి.
చెల్లు. రాయి కొట్టే పిచ్చిగాడు, తన జొన్నల్లోంచి."

హైమావతిగారు కళ్ళజోడు తీసి
"మొగుడా?" అన్నారు, నాకు తెలిసినట్టు.
"అలా రాయలేదు కదండీ."
"అయితే కాడు. మొగుడైతే రాసేవాళ్ళు."

పది రోజులు. ఆ కరువులో.
వాడేం తిన్నాడో ఏ ఆకూ చెప్పలేదు.

ఇంటికొచ్చి నాలుగు లైన్ల గడి ముందు కూర్చున్నాను.
రంగమణికి ఒక లైను ఇచ్చాను, పాపం ఆవిడ తప్పేముంది.
పునాది లోతుకి ఒకటి. కరువుకి ఒకటి.
నాలుగో లైనులో కవిలెలో ఉన్నది ఉన్నట్టు దించాను.

వారానికి పటం తిరిగొచ్చింది.
ఆఖరి లైను చుట్టూ ఎర్ర పెన్సిలు:
"బెల్లం తరుగు, పిచ్చిగాడి జొన్నలు — ఏమిటివి?
కట్టడంలో వాడిన సామగ్రా?"

అవునని రాసి పంపాను.